పాలరంగు సోఫా, నీళ్ల మిషను

నాకు ముక్కు మీదే కోపం. చిన్నప్పటి నుంచీ అంతే. వయసు మీద పడ్డాక కొంచెం తగ్గిందని ఇంట్లోవాళ్లు మర్యాదకు అంటుంటారు గానీ, తగ్గింది ఒంట్లో ఓపికే. ఆ కోపంలో నేను నోరు జారిన సందర్భాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని సరిచేసుకోవడానికి ఒక మిషను కొనాల్సి వచ్చింది. సోఫాల మీద, తివాచీల మీద పడ్డ మరకలను నీళ్లతో కడిగి, ఆ నీళ్లను మళ్లీ తానే పీల్చేసుకునే చేతి మిషను. ఇప్పుడది పాతబడి, పైపుకు రెండు చోట్ల టేపు చుట్టుకుని, మా అలమర కింద అరలో కూర్చుని ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఇద్దరు మనుషులకు మనసులో దండం పెట్టుకుంటాను.

తొంభైల నడుమ సంగతి ఇది. గోదావరిఖనిలో బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు, వెనక వంటిల్లు, ముందు చిన్న వరండా. నాకు ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం వచ్చి ఏడాదయింది. ఆ ఏడాదంతా మిగుల్చుకున్న డబ్బుతో ఇంటికేదైనా కొనాలని ఒకటే ఉబలాటం. అవ్వ, అంటే మా అమ్మ, బీరువా అంది. నేను సోఫా అన్నాను. మా బాపుకు కూర్చోవడానికి ఇంట్లో ఉన్నదల్లా ఒక ఇనుప కుర్సీ. వేసవిలో కాలుతుంది, చలికాలంలో జిల్లుమంటుంది. ఆయన షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, టీవీ ముందు మెత్తగా ఒరగాలి. నా లెక్కంతా అదే.

చౌరస్తా దగ్గర సోఫాలు కుట్టే చాచా ఉండేవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, కొట్లో మా తెలుగు. సన్నగా, మెడలో టేపు వేసుకుని, నోట్లో మేకులు పెట్టుకుని మాట్లాడేవాడు. నేను గుడ్డల పుస్తకం తిరగేసి పాలరంగు మఖ్మల్ చూపించాను. ఆయన మేకులు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నోట్లోంచి మేకులు తీశాడంటే మాట ముఖ్యమైనదని అర్థం.

"బేటీ, గీ రంగు నక్కో. మనది బొగ్గుల ఊరు. కాఫీ రంగు తీసుకో, పదేండ్లు ఫికర్ ఉండదు."

నేను చెవిన పెట్టలేదు. బొగ్గు ఊళ్లో ఉన్నంత మాత్రాన అన్నీ మసిరంగువే కొనుక్కోవాలా అని వాదించాను. ఆయన మళ్లీ మేకులు నోట్లో పెట్టుకున్నాడు. సోఫా మాత్రం ప్రాణం పెట్టి కుట్టాడు. అది ఇంటికి వచ్చిన రోజు చుట్టుపక్కల క్వార్టర్లవాళ్లంతా వచ్చి అంచున కూర్చుని, చేత్తో నిమిరి, లేచి వెళ్లారు. బాపు అందరూ పోయాక కూర్చున్నాడు. రెండు చేతులూ పక్కన ఆనించి, "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. నాకు ఆ సంవత్సరం చేసిన చాకిరీ అలసటంతా తీరిపోయింది.

బాపు పని గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన భూగర్భ గనిలో పనిచేసేవాడు గానీ బొగ్గు తవ్వేవాడు కాదు. దుమ్మును అణిచేవాడు. గనిలో బొగ్గు దుమ్ము ఎండుగా ఉండి గాలిలోకి లేచిందంటే, ఎక్కడో ఒక నిప్పురవ్వ తగిలితే చాలు, లోపలున్నవాళ్ల బతుకులు బుగ్గి. అందుకని దుమ్ము పేరుకున్న చోటల్లా ముందు నీళ్లు చల్లాలి, ఆ మీద సున్నపురాయిని పిండిలా దంచిన తెల్లపొడి జల్లాలి. ఇరవై ఏళ్లకు పైగా ఆయన చేసింది ఈ రెండు పనులే. మిగతా ఇళ్లకు మనుషులు నల్లగా తిరిగొచ్చేవారు. మా బాపు నలుపూ తెలుపూ కలిసి బూడిదరంగులో వచ్చేవాడు. గని మీద స్నానాల గదులున్నా ఆయనకు ఇంటి స్నానమే ఇష్టం. వెనక తలుపు నుంచి వచ్చి, బొగ్గుల పొయ్యి మీద కాగిన నీళ్లతో పెరట్లో స్నానం చేసి, కొబ్బరినూనె గుడ్డతో కంటి రెప్పలు తుడుచుకుంటే గానీ ముందు గదిలోకి వచ్చేవాడు కాదు. ఈ పద్ధతి ఆయన ఏ ఒక్క రోజూ తప్పలేదు. నేను ఆ రోజు కోపంలో మరిచిపోయింది సరిగ్గా ఈ మాటే.

ఎండాకాలం. పరీక్ష పేపర్లు దిద్దే పని మీద నన్ను పెద్దపల్లి పంపారు. అవ్వ గోలేటిలో ఉన్న మా చిన్నమ్మ దగ్గరికి పోయి వారమయింది. పొద్దున బస్సు అందుకునే తొందరలో నేను సోఫా పక్క కిటికీ మూయడం మరిచిపోయాను. మా కాలనీలో మధ్యాహ్నం పూట కిటికీ తెరిచి వదిలే మనిషే ఉండడు. ఊరి పక్క ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగుకు, అంటే బొగ్గు పేల్చడానికి ముందు సైరన్ మోగుతుంది, ఆడవాళ్లంతా చేతిలో పని వదిలేసి కిటికీలు మూస్తారు. ఆ రోజు బ్లాస్టింగు తర్వాత గాలిదుమారం కూడా లేచిందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. కిటికీ సంగతి అప్పటికి నాకు తట్టనే లేదు.

సాయంత్రం ఇంట్లోకి అడుగు పెట్టేసరికి సోఫా నడిమధ్య నల్లటి మరక. అన్నం పళ్లెమంత. చుట్టూ చిన్న చిన్న నల్ల చుక్కలు. అంచులకు తెల్లగా ఏదో, దగ్గరికి వెళ్తే అవ్వ మొహానికి రాసుకునే పౌడరు వాసన. పక్కనే బాపు, డ్యూటీ బట్టల్లో, చేతిలో స్నానం చెంబుతో, తడిగుడ్డతో ఆ మరకను రుద్దుతున్నాడు. రుద్దినకొద్దీ అది పెద్దదవుతోంది. ఇంకేం కావాలి నాకు? ఈయన షిఫ్టు నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా, వాసన రాకుండా ఇంత పౌడరు చల్లుకుని సోఫాలో కూలబడ్డాడని ఒక్క క్షణంలో తీర్పు చెప్పేశాను. కిటికీని అప్పటికే ఆయన మూసేశాడు. అది నేను చూడలేదు.

"ఇంట్ల ఒక్కటంటే ఒక్క మంచి వస్తువు బాపు. దాని మీదనే గీ బొగ్గు బట్టలతోని కూసోవాల్నా? నీకు ఇనుప కుర్సీనే సరి."

బాపు నా వైపు చూశాడు. "కడుగుత బిడ్డా" అని మాత్రం అని, చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు నాకు అప్పుడేమీ అనిపించలేదని చెబితే మీరు నమ్మాలి. ఇంకా రెండు మాటలు తక్కువే అన్నానని అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆయన సోఫా మీద కూర్చోలేదు. అలిగాడా అంటే అలగలేదు. అన్నం తిన్నాడు, నా బడి సంగతులు అడిగాడు, నవ్వాడు. టీవీ పెట్టగానే ఇనుప కుర్సీ లాక్కుని గుమ్మం దగ్గర వేసుకునేవాడు. అవ్వ గోలేటి నుంచి వచ్చాక, "గీడ కూసో, గట్ల పరాయోని లెక్క ఎందుకు?" అని అడిగితే, తన వీపుకు కుర్సీయే హాయి అన్నాడు. నాకు కోపం చల్లారిన కొద్దీ ఆ కుర్సీ గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఎవరి కోసం సోఫా కొన్నానో ఆయనే గుమ్మం దగ్గర కూర్చుంటున్నాడు. క్షమించు బాపు అనడానికి మనసొప్పలేదు, ఎందుకంటే తప్పు ఆయనదే అని అప్పటికీ నా నమ్మకం. అందుకని మరకను పోగొడితే చాలు, అంతా మామూలైపోతుందని మొండిగా దాని వెంట పడ్డాను.

చాకలి సోడాతో రుద్దాను. నిమ్మకాయ పిండాను. ఎవరో చెప్పారని పెట్రోలు అద్దాను, రెండు రోజులు ఇల్లంతా బస్ డిపో వాసన. అవ్వ శెనగపిండి పట్టించింది. మరక నల్లరంగు నుంచి బూడిదకు, బూడిద నుంచి మళ్లీ నలుపుకు తిరిగింది గానీ అక్కడి నుంచి కదల్లేదు. పైన ఒక దుప్పటి కప్పాను. పాలరంగు సోఫా కొని దుప్పటి కప్పుకున్న నన్ను చూసి, కాఫీ రంగు కొనుక్కున్న పక్కింటివాళ్లు ఎంత నవ్వుకున్నారో నాకు తెలుసు.

అలాంటి రోజుల్లో బడిలో ఒక టీచరమ్మ వారపత్రికలో ప్రకటన చూపించింది. నీళ్లు చల్లి, మురికితో సహా పీల్చేసే మిషను, చేత్తో పట్టుకుని ఇంట్లో ఎక్కడికైనా తీసుకుపోవచ్చట. కరీంనగర్‌లో వాళ్ల దుకాణం ఉందని, ఉత్తరం రాస్తే మనిషినే పంపుతారని ఉంది. రాశాను. ఒక ఆదివారం పొద్దున మెడలో టై కట్టుకున్న ఒకాయన ఆటోలో రెండు పెట్టెలు వేసుకుని దిగాడు. ఆ ఎండకు ఆ టై చూసే నాకు సగం జాలేసింది. అప్పటికే నేను చౌరస్తాకు వెళ్లి చాచాను బతిమాలి తీసుకొచ్చాను. సోఫా కడుపులో ఏముందో తెలిసినవాడు ఆయనొక్కడే.

మొదటి మిషను పెద్దది, డ్రమ్ములా ఉంది. ఎండు దుమ్మును మింగుతుంది. మోత మాత్రం గని ఫ్యాను మోతే. రెండోది చిన్నది, బిందె అంత. ఒక పక్క సబ్బు నీళ్ల డబ్బా, ఇంకో పక్క ఖాళీ డబ్బా, మధ్యలో పైపు. పైపు కొసన బ్రష్షు, పీల్చే మూతి. మీట నొక్కితే నీళ్లు జల్లుతుంది, వదిలేస్తే పీలుస్తుంది. టై ఆయన రెండింటి గొప్పా ఒకే ఊపిరిలో చెప్పుకుపోతున్నాడు. చాచా ఆయన్ను ఆపి చిన్నదాని మూతిని తన అరచేతికి ఆనించుకున్నాడు. ఎంత గట్టిగా లాగుతుందో చూశాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. నీళ్లు కొట్టడం ఏ మిషనైనా కొడుతుంది, తిరిగి లాగడమే అసలు పని, లోపల ఉన్నది స్పాంజి, నీళ్లు మిగిలితే కుళ్లుతుంది, కింద నా మేకులు తుప్పు పడతాయి అని. పెద్ద గొప్పలు చెప్పే మాటలు వదిలేసి మురికినీళ్ల డబ్బా ఎంత పెద్దది, కడగడానికి ఊడి వస్తుందా, పైపు సోఫా వెనక దాకా అందుతుందా, మూతి పగిలితే కొత్తది కరీంనగర్‌లో దొరుకుతుందా అని అడగమన్నాడు. అవన్నీ నా తరఫున తానే అడిగాడు కూడా. కరెంటు ఎంత తింటుందని మాత్రం ఎవరూ అడగలేదు. కాలనీలో కరెంటు ఖర్చు కంపెనీదే.

టై ఆయన తన సంచిలోంచి మెత్తటి ఎర్రమట్టి తీసి చూపిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా ఊళ్లో అమ్ముకోవాలంటే మా ఊరి దుమ్ముతోనే చూపించాలి అన్నాను. అవ్వ బొగ్గు బుట్ట అడుగున ఉన్న పొడి దోసెడు తెచ్చింది. వరండాలో పాత తివాచీ ముక్క పరిచి దాని మీద జల్లాం. బాపు ఎప్పటిలాగే గుమ్మం దగ్గర ఇనుప కుర్సీలో కూర్చుని చూస్తున్నాడు. టై ఆయన ప్లగ్గు పెట్టడానికి లోపలికి వెళ్లాడు. ఇంతలో గాలి వీచింది. తివాచీ మీది నల్లపొడి కొంచెం లేచింది.

బాపు కుర్సీలోంచి లేచాడు. పక్కనున్న నీళ్ల చెంబు ఎత్తాడు. మణికట్టు తిప్పి, ఒక్క చుక్క కూడా ఎక్కువ తక్కువ కాకుండా, ఆ పొడి మీద ఇటు నుంచి అటు నీళ్లు చల్లాడు. అక్కడితో ఆగలేదు. ఎడమ చెయ్యి పక్కకు చాచి గాలిలో దేని కోసమో వెతికింది. అక్కడ తెల్లపొడి సంచీ లేదు. అప్పుడు తెలివి వచ్చినట్లుగా చెంబు కింద పెట్టి, సిగ్గుపడి నవ్వాడు.

"అలవాటు" అన్నాడు. "ఎండు దుమ్ము లేస్తుంటే చెయ్యి ఆగది."

అందరూ నవ్వారు. టై ఆయన కూడా నవ్వాడు. నేను తివాచీ వైపు చూస్తున్నాను. నడుమ నల్లటి ముద్ద, చుట్టూ చిన్న చిన్న నల్ల చుక్కలు. అంచుకు ఒకింత పౌడరు జల్లితే అచ్చం నా సోఫా మరకే. ఆ రోజు బస్సు తొందరలో కిటికీ మూయకుండా పోయింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది. గాలికి వచ్చిన బొగ్గు దుమ్ము సోఫా మీద పరుచుకుంది. షిఫ్టు నుంచి వచ్చిన మనిషి, ఒంటి మీద బట్టలు కూడా విప్పకుండా, కూతురి సోఫాను కాపాడాలని తనకు తెలిసిన ఒక్కటే విద్య చూపించాడు. ముందు నీళ్లు. తర్వాత తెల్లపొడి. ఇంట్లో సున్నపురాయి పొడి లేదు కాబట్టి అవ్వ పౌడరు డబ్బా. గనిలో వందల మందిని కాపాడిన పని మఖ్మల్ మీద బురదయింది. అసలు ఆయన దాని మీద కూర్చోనే లేదు.

చిన్న మిషనే తీసుకున్నాను. ఎందుకు దాన్నే ఎంచుకున్నావని ఎవరైనా అడిగితే పైపు పొడవనీ, డబ్బా ఊడి వస్తుందనీ చెబుతాను. నిజానికి ఆ నిమిషంలో నాకు ఏదో ఒకటి కొని ఆ టై ఆయన్ను పంపేసి బాపుతో మాట్లాడితే చాలనిపించింది. చాచాకు ఏమర్థమయిందో, టీ కూడా తాగకుండా లేచాడు. పోతూ పోతూ, ముందు ఎండు బ్రష్షుతో దులపమనీ, నీళ్లు మంచులాగా కొట్టమనీ, తెల్లగుడ్డ అదిమి చూస్తే తడి అంటకుండా ఉండేదాకా పీల్చమనీ, ఒక్క రోజులో మొత్తం పోవాలని ఆశపడొద్దనీ చెప్పాడు.

సోఫా ముందు గొంతుక్కూర్చున్నాను. బాపు మురికినీళ్ల డబ్బా కుదురుగా ఉందో లేదో చూస్తున్నాడు. మిషను ఇంకా పెట్టలేదు.

"కిటికీ తెరిచి పోయింది నేనే బాపు" అన్నాను.

"నాకు ఎరుకే" అన్నాడు.

"మరి ఆనాడే ఎందుకు చెప్పలే?"

ఆయన డబ్బా వైపే చూస్తూ అన్నాడు. "చెప్తే తప్పు నీదయితది. కొన్న సంబురం పోతది. నాదయితే ఏమున్నది బిడ్డా, నేను బొగ్గుల మనిషినే."

నేను ఏడ్చాను. చిన్నపిల్లలా, ముక్కు తుడుచుకుంటూ, ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. క్షమించమని అడిగానో లేదో గుర్తు లేదు. అడిగే ఉంటాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, ఏడుపు తగ్గాక, మిషను పెట్టు, చూద్దాం అన్నాడు. పీలుస్తుంటే ఖాళీ డబ్బాలోకి నల్లటి నీళ్లు చుక్కచుక్కగా దిగడం చూసి ఆయనకు ఎంత సంతోషమో. నీళ్లు కొట్టి మళ్లీ లాక్కునే ఉపాయం గనిలో ఎవరికీ తట్టలేదే అని నాలుగైదు సార్లు అన్నాడు.

మరక చాలావరకు పోయింది. మిగిలింది పలచటి నీడ, తెలిసినవాళ్లకే కనపడేంత. సోఫా రెండు రోజులు ఆరింది. మూడో రోజు సాయంత్రం నేను ఆశగా చూశాను. బాపు వచ్చి ఇనుప కుర్సీలోనే కూర్చున్నాడు. కోపం లేదు, బాధ లేదు, గుమ్మం దగ్గర గాలి బాగుందంతే. ఎన్ని సార్లు పిలిచినా అదే మాట. మా ఒంటికి అవి పడవు బిడ్డా అన్నాడు ఒకసారి. నేనన్న మాట ఆయన మనసులోంచి పోయింది గానీ ఒంట్లోంచి పోలేదని నాకు అర్థమయింది. దానికి ఏ మిషనూ లేదు.

ఆ వారమే పెద్దపల్లి నుంచి అవ్వ తరఫు చుట్టాలు వచ్చారు. వాళ్లు వరండాలో చెప్పులు విడుస్తుండగానే బాపు గబగబా లేచి, ఇనుప కుర్సీ దాటి, సోఫా నడిమధ్యకు వెళ్లి కూర్చున్నాడు. నా గుండె ఎగిరి గంతేసింది. తర్వాత చూశాను. ఆయన కొంచెం ఎడమకు జరిగి, లుంగీ అంచు సర్ది ఆ నీడను కప్పుకున్నాడు. చుట్టాలు ఉన్నంతసేపూ మంచినీళ్లకు కూడా లేవలేదు. వాళ్లు సోఫాను మెచ్చుకుంటే, మా బిడ్డ కొన్నది అని చెప్పాడు. వాళ్లు వెళ్లగానే లేచి మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు చాచా చూడటానికి వచ్చాడు. సోఫా మీద వేలితో రాసి, వంగి చూసి, మెచ్చుకోలుగా తలూపాడు. "ఇంకొక్క సారి కొట్టు బేటీ, గా నీడ గూడ సాఫ్ అయితది" అన్నాడు. సరే చాచా అన్నాను. ఆయన వెళ్లాక సబ్బు నీళ్లు పోశాను, ప్లగ్గు పెట్టాను, మూతిని ఆ నీడ దగ్గరికి తీసుకెళ్లాను. మీట నొక్కడానికి చేతులు రాలేదు. ఆ నీడ పోతే బాపుకు అక్కడ కూర్చోవాల్సిన పని ఉండదు.

మిషను ఆపేసి నీళ్లు పారబోశాను. మా ఇంటికి చుట్టాలు ఎక్కువ. నేను మరింత మందిని పిలిచాను. బడి టీచర్లను పిలిచాను, అవ్వ చెల్లెళ్లను పిలిచాను, చాచాను వారానికోసారి టీకి పిలిచాను. ఎవరు వచ్చినా బాపు వెళ్లి తన చోట కూర్చునేవాడు. మొదట్లో వాళ్లు వెళ్లగానే లేచేవాడు. తర్వాత టీవీలో వార్తలు అయ్యాక లేచేవాడు. వర్షాలు మొదలయ్యేసరికి ఇనుప కుర్సీ మీద అవ్వ బట్టలు ఆరేయడం మొదలుపెట్టింది.

ఆ మిషనుతో కాలనీలో ఎన్ని ఇళ్ల సోఫాలు, తివాచీలు శుభ్రం చేశామో లెక్క లేదు. రిటైరయ్యాక బాపే దాన్ని మోసుకుని వెళ్లేవాడు. చాచా మాత్రం కొట్టు మూసేదాకా నన్ను అడుగుతూనే ఉన్నాడు, రెండోసారి కొట్టినవా బేటీ అని. తీరిక దొరకలేదు చాచా అనేదాన్ని. ఆయన నోట్లో మేకులు పెట్టుకుని నవ్వేవాడు. బాపు చివరిదాకా ఆ నీడ మీదే కూర్చున్నాడు.